వెల్ష్ టైమ్ వేస్ట్ అంటున్న ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. యూకే తెలుగు గ్రూపులో ఒకసారి, నర్సుల గ్రూపులో రెండుసార్లు, నిన్న రాత్రి మా వదిన హైదరాబాద్ నుంచి పంపి "నువ్వు అక్కడే ఉంటావు కదా, నిజమేనా ఇది?" అని అడిగింది. నిజం కాదు వదినా. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకోకుండా కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మెసేజ్‌లో ఉన్నది ఇంతే: వేల్స్‌కి వచ్చే మనవాళ్ళు అక్కడి భాష వెల్ష్ జోలికి పోవద్దు. ఎందుకంటే 1) అచ్చులే లేని భాష. 2) మైక్రోవేవ్‌ని "పాప్టీ పింగ్" అంటారు, ఇదీ ఒక భాషేనా. 3) ముప్పై దాటాక కొత్త భాష రాదు, అందులో వెల్ష్ మ్యుటేషన్లు, అంటే మాట మొదటి అక్షరం మారడాలు, అసలే రావు. 4) చచ్చిపోతున్న భాష, గవర్నమెంట్ డబ్బు తగలేస్తోంది. 5) అక్కడ అందరికీ ఇంగ్లీష్ వచ్చు. చివర్లో "వేల్స్‌కి వస్తున్న నర్సులందరికీ తప్పక పంపండి" అని.

అచ్చులు ఏడున్నాయి. డబ్ల్యూ, వై కూడా అచ్చులే. బి, డబ్ల్యూ, ఎస్ అని రాసుంటే "బుస్" అని చదవాలి, అంటే బస్సు. పైగా ఇంగ్లీష్‌లాగా రాసేదొకటి పలికేదొకటి కాదు, మనలాగే చాలావరకు రాసింది రాసినట్టే చదువుతారు.

పాప్టీ పింగ్ సరదాకి పుట్టిన మాట. అసలు మాట మైక్రోడాన్. టాన్ అంటే అల, ముందు మైక్రో చేరగానే ట కాస్తా డ అయింది. ఎందుకయిందో తెలుగువాళ్ళకి చెప్పాల్సిన పనే లేదు, అయినా మూడో పాయింట్‌కి చెప్పక తప్పడం లేదు.

అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అంటాం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. గసడదవాదేశం అని స్కూల్లో బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక పేరు మర్చిపోయాం, నోరు మాత్రం ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. వెల్ష్‌లో కోఫి అంటే కాఫీ, రెండు కాఫీలు కావాలంటే "డై గోఫి". టాడ్ అంటే నాన్న, నీ నాన్న అంటే "డ డాడ్". అదే క గ అవడం, అదే ట డ అవడం. రూల్స్ వేరే, నేనేమీ రెండూ ఒకటే అనట్లేదు, కానీ మాట మొదటి అక్షరం మారితే కంగారు పడాల్సింది ఇంగ్లీష్ మాత్రమే వచ్చినవాళ్ళు, మనం కాదు. వేల్స్ బోర్డర్ దాటగానే పెద్ద బోర్డు ఉంటుంది, "క్రోయ్‌సో ఇ గమ్రి" అని. దేశం పేరు కమ్రి. "కి" చేరేసరికి గమ్రి. "లో" చేరితే ఙమ్రి లాగా పలుకుతారు, అక్షరమాలలో దిద్దేసి వదిలేసిన ఆ ఙ నాకు ఇన్నేళ్ళకి బ్యాంగోర్‌లో పనికొచ్చింది. ఇంకా చెప్పనా, ఇక్కడా నువ్వు, మీరు వేరువేరు: "టి", "ఖి". "పాలు ఉన్నాయా?" అంటే అవును అనరు, మనలాగే "ఉన్నాయి" అంటారు, "ఓయిస్" అని.

ఇక ముప్పై దాటితే రాదన్న మాట. అబెరిస్ట్‌విత్‌కి దక్షిణంగా రోడ్డు పక్కన ఒక పాత గోడ మీద "ట్రవెరిన్‌ని గుర్తుపెట్టుకోండి" అని వెల్ష్‌లో రాసుంటుంది. లివర్‌పూల్‌కి నీళ్ళ కోసం 1965లో ఆ లోయలో కాపెల్ కెలిన్ అనే ఊరిని ముంచేశారు, ముంపు ఊళ్ళంటే ఏంటో మనకి తెలుసు. వేల్స్ మొత్తానికి తెలిసిన గోడ అది. అది మొదట రాసిన మైక్ స్టీఫెన్స్ ఇంగ్లీష్ మాట్లాడే ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక వెల్ష్ నేర్చుకున్న మనిషి. ఆయన రాసినప్పుడు మ్యుటేషన్ తప్పింది, డ్రవెరిన్ అని రాయాల్సింది ట్రవెరిన్ అనే రాశారు. తర్వాత ఎవరో సరిచేశారు. తప్పు రాశాడని ఆ గోడని ఎవరైనా కూలగొట్టారా? 1980లో వెల్ష్ టీవీ ఛానల్ ఇస్తామన్న మాట గవర్నమెంట్ తప్పితే ఆమరణ దీక్షకి కూర్చుంటానన్న వెల్ష్ జాతీయ పార్టీ నాయకుడు గ్విన్‌వోర్ ఎవాన్స్ ఇంట్లో కూడా చిన్నప్పుడు ఇంగ్లీషే, వెల్ష్ ఆయన తర్వాత నేర్చుకున్నదే. దీక్ష మొదలవకముందే థాచర్ గవర్నమెంట్ దిగొచ్చింది, 1982 నవంబర్‌లో ఛానల్ మొదలైంది. పొట్టి శ్రీరాములు గారి పేరు చెప్పుకునే మనం ఈ భాషని ఎగతాళి చేస్తున్నాం, సిగ్గనిపించట్లేదా?

నాలుగో పాయింట్‌లో ఒకటి ఒప్పుకుంటా. సంఖ్య తగ్గింది. 2011 సెన్సస్‌లో 19 శాతం వెల్ష్ వచ్చన్నారు, 2021లో 17.8, అంటే దాదాపు 5 లక్షల 38 వేల మంది. 2050కి పది లక్షలు చేస్తామన్న టార్గెట్ నాకూ కష్టమే అనిపిస్తుంది. న్యూపోర్ట్ వైపు ఉద్యోగం చేసేవాళ్ళు వెల్ష్ ముక్క రాకుండా హాయిగా బతికేయొచ్చు, అదీ నిజమే. మనం తడబడగానే ఎదుటివాళ్ళు ఇంగ్లీష్‌లోకి మారిపోవడమూ నిజమే, నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. కానీ స్కూల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్క ముక్క వేలాడదీసిన కాలం దాటి వచ్చిన భాష ఇది. ఇప్పుడు క్లాసులకి నాలుగు డబ్బులు పెడితే తగలేసినట్టా?

అసలు నన్ను నిద్రపోనివ్వనిది ఐదోది. "అందరికీ ఇంగ్లీష్ వచ్చు."

నేను పనిచేసేది నార్త్ వేల్స్‌లోని గ్వినెద్‌లో, ఒక కేర్ హోమ్‌లో. 2021లో కూడా ఇక్కడ నూటికి 64 మందికి వెల్ష్ వచ్చు. నేను వచ్చిన కొత్తలో డిమెన్షియా ఉన్న ఒక పెద్దావిడ ఉండేవారు. జీవితమంతా పొలంలో గడిపిన మనిషి, ఇంగ్లీష్ స్కూల్లో నేర్చుకున్నది, జబ్బు ముందు దాన్నే పట్టుకుపోయింది. రాత్రి రెండింటికి మంచం రాడ్ పట్టుకుని ఒకటే మాట, "ద్వి ఇషో మిండ్ ఆడ్రా, ద్వి ఇషో మిండ్ ఆడ్రా". నేను నోట్స్‌లో ఏం రాశానో తెలుసా? "అర్థంలేని మాటలు మాట్లాడుతున్నారు" అని. నా చేత్తో నేనే రాశాను, మూడు రాత్రులు వరసగా.

తర్వాత క్లాసులో ఇషో అన్న మాట వచ్చింది. కావాలి అని. మిండ్ అంటే వెళ్ళడం. ఆడ్రా అంటే ఇంటికి. ఆవిడ మూడు రాత్రులు "నాకు ఇంటికి వెళ్ళాలనుంది" అని స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా చెప్తూనే ఉన్నారు. అర్థంకానిది నాకు.

తర్వాతి షిఫ్ట్‌లో పక్కన కూర్చుని నాకొచ్చిన ఒక్క మాట అడిగాను, "పానెడ్?" అని, కప్పు టీ అన్నమాట. రాడ్ వదిలేశారు. నా చెయ్యి పట్టుకుని "డియోల్ఖ్, మాఖ్ ఇ" అన్నారు. థాంక్స్, నా చిట్టితల్లీ అని. బాఖ్ అంటే చిన్నది, "నా" అనగానే మాఖ్ అవుతుంది. తన కూతురి పేరు గుర్తులేని మనిషికి ఆ మ్యుటేషన్ తప్పలేదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరికి వచ్చు ఇంగ్లీష్? ఆవిడకి వచ్చా? మీరు సోఫాలో కూర్చుని నర్సులకి తప్పక పంపండి అని రాస్తారు, అది చదివి ఒక అమ్మాయి క్లాసు మానేస్తే రాత్రి రెండింటికి ఇంకో మనిషి మాట నోట్స్‌లో అర్థంలేని మాటగా మిగిలిపోతుంది. నొప్పి అని చెప్తే నొప్పి అని కూడా తెలియదు. అందరూ ఫ్లూయెంట్ అవ్వక్కర్లేదు, నేనూ ఇంకా రెండో లెవెల్ సల్వైన్‌లోనే ఉన్నాను, యూనిఫామ్ మీద నేర్చుకుంటున్నానని చెప్పే ఆరెంజ్ బ్యాడ్జి పెట్టుకుంటాను, అది చూసి పెద్దవాళ్ళు నెమ్మదిగా మాట్లాడతారు. నార్త్‌లో ఉద్యోగమైతే పుస్తకం కూడా నార్త్‌దే తీసుకోండి, ఇక్కడ పాలు అంటే హ్లెవ్రిత్, సౌత్‌లో హ్లాయ్థ్.

వదినా, మీ చుట్టాలమ్మాయి వచ్చే నెల ఇక్కడికే వస్తోందన్నావు కదా, తనకి ఆ మెసేజ్ పంపకు. ఈ నాలుగు మాటలు పంపు: డూర్ అంటే నీళ్ళు, పొయిన్ అంటే నొప్పి, పానెడ్ అంటే టీ, ఆడ్రా అంటే ఇంటికి.