సవరణ: ఆ పొలాక్ షాన్ కాదు, గ్రేమ్

నేను మొన్న ఎంపిక చేసిన ఆల్‌టైమ్ టెస్టు జట్టులో ఐదో స్థానం ఎదురుగా ‘పొలాక్’ అని మాత్రమే ఉంది. హనుమకొండ, కాజీపేట మిత్రులు చాలామంది షాన్ పొలాక్ అనుకున్నారు. బౌలర్‌ను ఐదో స్థానంలో ఎలా ఆడిస్తారని స్టేడియం దగ్గర నన్ను నిలదీశారు కూడా. 421 టెస్టు వికెట్లు తీసిన షాన్‌ను చూస్తూ పెరిగిన తరం కాబట్టి ఆ పేరే ముందు తట్టడం సహజం.

నేను ఎంచుకున్నది షాన్ బాబాయి గ్రేమ్ పొలాక్‌ను. ఎడమచేతి వాటం బ్యాటర్. ఆడింది 23 టెస్టులే, సగటు 60.97. వర్ణవివక్ష కారణంగా 1970లో దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌కు దూరమైంది. అప్పటికి ఆయన వయసు 26. ఆ ఏడాదే డర్బన్‌లో ఆస్ట్రేలియాపై 274 పరుగులు చేశాడు. అదే ఇన్నింగ్స్‌లో బారీ రిచర్డ్స్ 140 కొట్టాడు. ఇద్దరూ కలిసి ఆడిన ఆ గంటసేపు ఆస్ట్రేలియా బౌలర్లకు దిక్కు తోచలేదు. షాన్ తండ్రి పీటర్ కూడా అదే జట్టులో ఫాస్ట్ బౌలర్.

మరి బారీని ఎందుకు తీసుకోలేదు? ఆయన ఆడింది నాలుగే టెస్టులు. 72.57 సగటు అద్భుతమే, కానీ ఆయనలాగే ఓపెనర్ అయిన గవాస్కర్‌ను పక్కన పెట్టడానికి నాకు అది చాలదు. వన్డేలను లెక్కలోకి తీసుకోలేదు. మిగతా పది పేర్లలో మార్పు లేదు.