అడగకుండా గీసిన మైదానాలు

తెలంగాణలో 2022 జూన్‌లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. ఉపాధి హామీ కింద నేల చదును చేశారు. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు గీశారు. లాంగ్‌జంప్ గొయ్యి తవ్వి, కసరత్తు కడ్డీలు పాతి, ముందు బోర్డు నిలబెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ బోర్డు లేకపోతే అది ఆటస్థలమని గుర్తుపట్టలేం. సర్కారు తుమ్మ మొలిచింది, పల్లేరు పరుచుకుంది. నిధులు చాలకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. గడువులోగా లెక్క చూపాలి గనుక ఖాళీ సర్కారు భూమి ఎక్కడ కనిపిస్తే అక్కడ కొలిచారు. గుట్ట వాలైనా, శ్మశానం పక్కనైనా, ఊరికి కిలోమీటరు అవతలైనా సరేననుకున్నారు. ఆడబోయేవాళ్లను ముందుగా అడిగిన ఊళ్లు అరుదు.

అడిగి ఉంటే ఏం తెలిసేది? అర ఎకరం ప్రాంగణం అంటే 20 గుంటలు, సుమారు 2,023 చదరపు మీటర్లు. చదరంగా కొలిస్తే ఒక్కో వైపు 45 మీటర్లు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ 3 మీటర్లు వదిలితే 24కు 15. ఖోఖోకు 27కు 16, పైన చుట్టూ ఒకటిన్నర మీటరు. ఈ రెండూ పోను కబడ్డీకీ చోటుంటుంది. క్రికెట్‌కు మాత్రం చాలదు. మగపిల్లలు రోజూ ఆడేది క్రికెట్టే గనుక వాళ్లు పాత బీడుకో చెరువు శిఖానికో వెళ్లిపోయారు. ఆడపిల్లల సంగతి ఇంకోలా ఉంది. మగవాళ్ల వాలీబాల్ నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. స్తంభానికి ఒకే ఎత్తులో కొక్కెం వెల్డింగ్ చేస్తే ఆడపిల్లలు ఆ నెట్ దగ్గర సరిగా ఆడలేరు. 19 సెంటీమీటర్ల కింద ఇంకో కొక్కెం పెడితే సరిపోయేది. చీకటి పడ్డాక ఇంటికొచ్చే దారిలో దీపం, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండాలన్న మాట కూడా వాళ్ల నోటి నుంచే రావాలి. ఎస్టిమేట్ వేసే ఇంజినీరుకు అది తట్టదు.

గ్రంథాలయాలదీ ఇదే కథ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఏడాదికి 5 లక్షల ఇంటి పన్ను వచ్చే పంచాయతీ నుంచి 40 వేల రూపాయలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అది సకాలంలో జమ కాకుండా స్థానిక సంస్థల దగ్గర బకాయిగా పేరుకుపోవడం పాత జబ్బు. ఉన్నంతలోనైనా పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు పనికొచ్చేలా నడపవచ్చు. వాళ్లకు కావలసింది కొత్త బీరువాలు కాదు. తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. తెల్లవారుజామున 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉండే గది, ఫ్యాను, వెలుతురు, కరెంటు ప్లగ్గు, తాగునీళ్లు చాలు. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచే శాఖా గ్రంథాలయం పొద్దున కూలికో కాలేజీకో వెళ్లేవాడికి అక్కరకు రాదు.

చట్టంలోనే యువతకు కుర్చీ వేయలేదు. గ్రామసభ అంటే ఓటర్ల సభ. 15 నుంచి 17 ఏళ్ల వారికి అందులో చోటు లేదు. పోటీ చేయాలంటే 21 నిండాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం ప్రతి పంచాయతీకీ ముగ్గురు కోఆప్షన్ (ఓటింగ్ లేకుండా చేర్చుకునే) సభ్యులుంటారు: విశ్రాంత ఉద్యోగి లేదా వయోవృద్ధుడు, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, ఊరికి విరాళమిచ్చిన దాత. ముగ్గురూ ఉండాల్సినవాళ్లే. నాలుగోవాడిగా యువకుడో యువతో ఉండాలని ఎవరికీ తోచలేదు. రెండు నెలలకోసారి జరిగే గ్రామసభల్లో రెండింటిని మహిళలు, వృద్ధులు, దివ్యాంగుల సమస్యలకు కేటాయించారు. ఇంకొకటి యువతకు ఇవ్వాలని, కోఆప్షన్‌లో నాలుగో స్థానం చేర్చాలని మేము కోరుతున్నాం. అందాకా పంచాయతీలు చట్ట సవరణ కోసం కాచుకోనక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్న పంచాయతీలకు 2025 డిసెంబరు ఎన్నికలతో మళ్లీ పాలకవర్గాలొచ్చాయి. ఒక్క తీర్మానంతో యువజన కమిటీ వేసుకోవచ్చు.

కమిటీ ఎలా ఉండాలన్నది అసలు విషయం. 12 మంది చాలు. అందులో 6 మంది అమ్మాయిలు. శివారు పల్లెలు, దళితవాడ, తండాల నుంచి తక్కువలో తక్కువ నలుగురు. 18 నిండనివారు ఇద్దరు. చదువు మానేసి ఆటో తోలేవారు, తాపీ పని చేసేవారు, కుట్టుమిషన్ మీద బతికేవారు ఇద్దరైనా. పదవీకాలం ఏడాదే, ఆరు నెలలకు సగం మంది మారాలి. చదువుకో కొలువుకో హైదరాబాద్ వెళ్లిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, ఒక్కరి మీద ఆధారపడిన కమిటీ ఆ ఒక్కరూ బస్సెక్కిన రోజే ఆగిపోతుంది.

అడిగే వేళ కూడా ముఖ్యం. పొద్దున 11 గంటలకు పంచాయతీ ఆఫీసులో సమావేశం పెడితే వచ్చేది పని లేనివాళ్లే. కాలేజీ బస్సులు తిరిగొచ్చాక సాయంత్రం, నాట్లూ కోతలూ లేని వారం చూసుకోవాలి. సమాచారం వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే సొంత ఫోన్ లేని అమ్మాయిలకు అందదు. ఇంటింటికీ చెప్పాలి, డప్పు చాటింపు వేయాలి. అమ్మాయిలతో విడిగా, అంగన్‌వాడీ టీచర్ సమక్షంలో, వెలుతురు ఉండగానే ఒక సమావేశం జరగాలి. ‘మీకేం కావాలి’ అని అడిగితే జిమ్ అంటారు, అక్కడితో సరి. నిన్న సాయంత్రం ఎక్కడున్నారు, అక్కడికెందుకు పోయారు, ఇక్కడికెందుకు రాలేదు అని అడగాలి. వాళ్లతో కలిసి స్థలం దాకా నడవాలి.

డబ్బు లేని కమిటీ మాటల కమిటీ. ఇంగ్లండ్‌లో 13 నుంచి 19 ఏళ్ల వారి సేవలపై వారి అభిప్రాయం తీసుకోవాలని స్థానిక సంస్థలకు చట్టమే చెబుతుంది. అయినా 2010 తర్వాత నిధుల కోతతో అక్కడ వందల యువజన కేంద్రాలు మూతపడ్డాయి. కర్ణాటకలో పంచాయతీలు పిల్లల గ్రామసభలు నడుపుతున్నాయి. అలాంటి సభ విలువ పిల్లలు అడిగినవాటికి వచ్చిన జవాబుల్లోనే తేలుతుంది. కాబట్టి పంచాయతీ సొంత ఆదాయంలో నూటికి 5 రూపాయలు కమిటీ నిర్ణయానికి వదలాలి. 5 లక్షల ఆదాయమున్న ఊళ్లో అది 25 వేలు: చదువుకునే గదికి కుర్చీలో, కోర్టుకు దీపాలో వస్తాయి. మైనర్ల చేతికి చెక్కులిచ్చే పని లేదు. డబ్బు పంచాయతీ ఖాతాలోనే ఉంటుంది. కమిటీ తీర్మానం రాస్తుంది, సర్పంచ్, ఉపసర్పంచ్ సంతకాలు చేస్తారు. ఆ ఇద్దరికీ పడని ఊళ్లలో చెక్కు ఆగిపోతుంది. అందుకే 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలన్న నిబంధన తొలి తీర్మానంలోనే ఉండాలి. అడిగింది, చేసింది, చేయలేనిది, ఎందుకు చేయలేదన్నది పంచాయతీ గోడ మీద రాయాలి. కుదరదన్న జవాబైనా కారణంతో వస్తే కుర్రాళ్లు మళ్లీ సమావేశానికి వస్తారు, మౌనం ఎదురైతే రారు.

ఇక్కడ చెడిపోయే దారులు తెలిసినవే. సర్పంచ్ తమ్ముడి కొడుకూ అతని స్నేహితులే కమిటీ అవుతారు. వినాయక మండపం పెట్టే యువజన సంఘం, అంబేద్కర్ యువజన సంఘం రెండున్న ఊళ్లో ఒకదాన్ని గుర్తించి ఇంకోదాన్ని పక్కన పెడతారు. పార్టీల యువజన విభాగాలు కండువాలతో దిగుతాయి. పేర్లు గ్రామసభలో అందరి ముందూ ఖరారు చేయడం, పార్టీ పదవి ఉన్నవారిని మినహాయించడం దీన్ని చాలా వరకు ఆపగలవు. రెండు సంఘాలూ ఉంటే ఇద్దరికీ సమానంగా స్థానాలివ్వాలి.

కమిటీ తొలి రోజే తేల్చాల్సింది తాళంచెవి సంగతి. చదువుకునే గదికి రెండు చెవులు చేయించి, ఒకటి తెల్లవారే లేచే కుర్రాడి దగ్గర, ఇంకొకటి కమిటీలోని ఒక అమ్మాయి దగ్గర ఉంచాలి. తలుపు దగ్గర రిజిస్టరు వేలాడదీసి, తెరిచిన వేళ, మూసిన వేళ, వచ్చినవారి సంఖ్య ఏ రోజుకారోజు రాయించాలి. మూడు నెలల తర్వాత ఆ రిజిస్టరు చూసి వేళలు మార్చుకోవచ్చు.