హేగ్‌కు ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ కావలెను

మొన్న ఆదివారం లక్డీకాపూల్ దగ్గర ఓ హోటల్లో ‘అంతర్జాతీయ న్యాయస్థానాల బలోపేతం’ మీద సదస్సు పెట్టారు. శాలువాల కార్యక్రమం అయ్యాక ఒక పెద్దమనిషి మైకు అందుకుని, హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఇప్పుడు కావలసింది కొత్త వెబ్‌సైటూ, జడ్జీలకు శిక్షణా తరగతులూ అని తేల్చేశారు. హాలంతా చప్పట్లు. అవును మరి, వెబ్‌సైటు బాగాలేకే కదా పుతిన్ దొరకనిది!

ఉక్రెయిన్ పిల్లల్ని అక్రమంగా తరలించుకుపోయారన్న అభియోగం మీద 2023 మార్చిలో ఆయనకు వారంటు ఇచ్చారు. 2024 సెప్టెంబరులో ఆయన దర్జాగా మంగోలియా వెళ్ళారు. అది ఆ కోర్టు సభ్యదేశం, దొరికితే పట్టి అప్పగిస్తానని ఒప్పుకున్న దేశం. ఆ దేశపు జడ్జి ఒకరు హేగ్ బెంచీ మీదే కూర్చుని ఉన్నారు కూడా. సంకెళ్ళు తేవాల్సినవాళ్ళు సైనిక వందనం ఏర్పాటు చేశారు.

కాబట్టి నా సంస్కరణ ఒక్కటే. అమీర్‌పేటలో మెట్రో పిల్లరు చాటున కెమెరాతో నిలబడే మన కానిస్టేబుల్ని డిప్యుటేషన్ మీద మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు పంపాలి. బ్యాండు మోగుతుండగా పూలకుండీ వెనకనుంచి వస్తాడు.

“సార్, బండి పక్కకు తియ్యుండ్రి.”

“నేను రష్యా అధ్యక్షుణ్ణి.”

“అందరు గట్లనే అంటరు సార్. పొద్దటి సంది నలుగురు కార్పొరేటర్ల బామ్మర్దులొచ్చిన్రు. మీది పాతది పెండింగుంది, 2023 మార్చిది.”

ఫోన్లో ఎవరితోనో మాట్లాడిస్తానంటాడాయన. “ఫోన్ నాకొద్దు సార్, ఎస్సై సార్ అగో ఆడున్నడు, మాట్లాడుకోండ్రి” అంటూ తాళంచెవి జేబులో వేసుకుంటాడు మనవాడు. కావాలంటే 2023 డిసెంబరులో మన చలాన్లకు ఇచ్చినట్టు రాయితీ కూడా ప్రకటించొచ్చు. అప్పుడు ద్విచక్ర వాహనాలకు 80 శాతం, తోపుడు బండ్లకు 90 శాతం తగ్గించారు. యుద్ధట్యాంకు ఏ కేటగిరీలోకి వస్తుందో జీవో వచ్చాక చూద్దాం.

అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద, ఆ దేశంలోని దార్ఫూర్ ప్రాంతంలో జరిగిన ఘోరాలకు, వారంటు పడింది 2009లో. 2015 జూన్‌లో ఆయన దక్షిణాఫ్రికా వెళ్తే, దేశం దాటొద్దని అక్కడి కోర్టే ఉత్తర్వు ఇచ్చింది. వాదనలు ఒకపక్క నడుస్తుండగానే విమానం ఎక్కేశాడు. ఎక్కనిచ్చారు! ఇళ్ళు తగలబడి, బిడ్డల్ని పాతిపెట్టుకున్నవాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెబుతారయ్యా న్యాయం గురించి? 2024 నవంబరులో నెతన్యాహుకు వారంటు ఇస్తే, మూడు నెలలు తిరక్కుండా అమెరికా ఆంక్షలు విధించింది. ఎవరి మీద? ప్రాసిక్యూటర్ మీద! దొంగను వదిలేసి, పట్టుకోబోయినవాడి ఇంటికి తాళం వేశారు. సిగ్గుండాలి.

ఇక మన సంగతి. 1998లో రోమ్‌లో ఈ కోర్టు కోసం 120 దేశాలు చేతులెత్తాయి, 7 వద్దన్నాయి, 21 గోడమీద పిల్లులయ్యాయి. ఆ గోడమీద మనమూ ఉన్నాం, ఇప్పటికీ దిగలేదు. 2025 డిసెంబరులో పుతిన్ ఢిల్లీ వస్తే మంగోలియాకున్న ఇరకాటం కూడా మనకు లేకపోయింది. పట్టిస్తామని మనం ఎప్పుడు ఒప్పుకున్నాం గనక!