పాలమూరు అగ్నిపర్వతాన్ని లేపొద్దు, టికెట్ పెట్టండి చాలు

తెలంగాణలో పర్యాటకం పెరగాలంటే ఏం చేయాలని ఎవరిని అడిగినా గాజు వంతెన కట్టాలంటారు, చెరువులో బోటు వేయాలంటారు. చెరువులో నీళ్లున్నాయా అని మాత్రం అడగరు. నా డిమాండుకు నీళ్లతో పని లేదు. పాలమూరులో ఉన్న అగ్నిపర్వతాలను సర్కారు వెంటనే గుర్తించాలి. అవెక్కడివని నవ్వేవాళ్లు ముందు కాస్త కూర్చుని వినాలి.

నారాయణపేట, మద్దూరు, కోటకొండ చుట్టుపక్కల కింబర్లైట్ గొట్టాలున్నాయి. సుమారు 110 కోట్ల ఏళ్ల కింద, నేలకు 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి శిలాద్రవం గ్యాసులతో కలిసి ఒక్క ఊపున పైకి తన్నుకొచ్చిన దారులవి. అంటే నిఖార్సయిన అగ్నిపర్వతాలే. పై భాగం ఎప్పుడో అరిగి కొట్టుకుపోయింది, అడుగు మాత్రం మనకు మిగిలింది. ఇదే జాతి గొట్టాలు అనంతపురం జిల్లా వజ్రకరూరులో వజ్రాలు మోసుకొచ్చాయి. మా దగ్గరికి మాత్రం ఉత్త చేతులతో వచ్చాయి. పంపకాల్లో అన్యాయం ఉమ్మడి రాష్ట్రంతోనే మొదలైందనుకునేవాళ్లు చరిత్రను సరిగా చదవలేదన్నమాట.

ఇక్కడే ఒక సాంకేతిక చిక్కుంది. ఇవి చచ్చిపోయిన అగ్నిపర్వతాలని శాస్త్రవేత్తలు తేల్చేశారు. చచ్చినదాన్ని చూడ్డానికి ఎవరొస్తారు? పర్యాటకుడికి కావాల్సింది నిద్రపోతున్న అగ్నిపర్వతం. అంటే లేవకూడదు గానీ, లేస్తుందేమోనన్న టెన్షన్ కొంచెం ఉండాలి. ఆ టెన్షన్‌కే టికెట్టు. ఇటలీలో వెసూవియస్ 79వ సంవత్సరంలో పాంపే నగరాన్ని బూడిదలో పూడ్చిపెట్టింది, చివరిసారి 1944లో పేలింది. జనం ఇవాళ్టికీ డబ్బులిచ్చి మరీ దాని అంచుదాకా ఎక్కి లోపలికి తొంగి చూస్తున్నారు. జపాన్‌లో ఫుజి 1707 తర్వాత కన్ను తెరవలేదు. అయినా తట్టుకోలేనంత మంది వస్తున్నారని 2024లో యమనాషి వైపు దారిలో తలకు 2,000 యెన్లు పెట్టి, రోజుకు 4,000 మందికి మించి ఎక్కనివ్వబోమన్నారు. జనం ఎక్కువైపోయారని బాధపడే కొండ! మన దేశంలో మండుతున్నది ఒకే ఒక్కటి, అండమాన్‌లో బారెన్ ద్వీపం. దాన్ని దిగి చూసే భాగ్యం లేదు, ఓడలోంచే దండం పెట్టుకుని రావాలి.

కాబట్టి మా గొట్టాలను 'చచ్చినవి' జాబితాలోంచి తీసి 'నిద్రపోతున్నవి' జాబితాలో వేయాలని మనవి. 110 కోట్ల ఏళ్ల నిద్ర మరీ ఎక్కువ కదా అంటే, మా జిల్లాలో శంకుస్థాపన బండల్ని చూడండి. ఎన్నికలకోసారి వాటికీ ప్రాణం వస్తుంది.

ఈ మాట బయటికి పొక్కగానే నల్లగొండ మిత్రులు తమ వాటా అడిగారు. భువనగిరి కోట ఉన్న బండను చూపించి, ఇంత నున్నగా, ఇంత గుండ్రంగా ఉన్నది అగ్నిపర్వతం కాక మరేమిటన్నారు. కాదు. అది గ్రానైట్. లోపలి నుంచి పైకి బయల్దేరి, దారి దొరక్క భూమిలోనే చల్లారిన శిలాద్రవం. దక్షిణ తెలంగాణ గ్రానైట్లకు దాదాపు 250 కోట్ల ఏళ్లుంటాయి. అయినా ఆ బండను తీసిపారేయలేం. మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది దాని మీదే. తర్వాత ఆమె ఎవరెస్టుతో ఆగకుండా కిలిమంజారో కూడా ఎక్కింది, అది నిద్రపోతున్న అగ్నిపర్వతమే. అంటే మన బండ మీద నేర్చుకుని పక్కవాళ్ల అగ్నిపర్వతానికి పేరు తెచ్చాం.

మన గ్రానైట్ సంగతి ఇంకా ఉంది. మీ వంటింటి గట్టును ఒకసారి తడిమి చూడండి. బయటపడలేకపోయిన శిలాద్రవం మీదే మీరు రోజూ గ్యాస్ స్టవ్ వెలిగిస్తున్నారు. షాపువాడు 'బ్లాక్ గ్రానైట్' అని అంటగట్టేది చాలాసార్లు గ్రానైటే కాదు, డోలరైట్. నల్లగొండ, మహబూబ్‌నగర్ పొలాల మధ్య నల్లరాళ్లు గీత గీసినట్టు దూరందాకా పోతుంటాయే, అవే. భూమి పగిలిన సందుల్లోకి శిలాద్రవం ఎక్కి గడ్డకట్టిన డైకులు. వేరే దేశమైతే పక్కన బోర్డు పెట్టి, బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించేవాళ్లు. మనం లారీల్లో ఎక్కించి పంపుతాం, అవి ఎక్కడో ఎవరి సమాధి మీదో నిగనిగలాడతాయి. మిగిలిన గ్రానైట్ ఊరుకుందా? నల్లగొండ బోరునీళ్లలో ఫ్లోరైడ్ కలిపింది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎంతోమంది పిల్లలు భూగర్భశాస్త్రం నేర్చుకున్నది వంగిపోయిన కాళ్లతో. దాన్ని ఏ పర్యాటక పటంలోనూ వేయలేదు.

సరే, ప్లాన్‌కు వద్దాం. బిలం లేదన్న బెంగ వద్దు, వదిలేసిన క్వారీ గుంతలున్నాయి. పొగకు పెళ్లిళ్లలో వాడే మిషన్ చాలు. వేడికి పైసా ఖర్చు లేదు, మే నెలలో రండి.

స్థల పరిశీలన కూడా పూర్తి చేశాను. గొట్టం పైనంతా కంది చేను. గట్టు మీద సున్నపు గడ్డలు, వాటి కింద గోటితో గీకితే రాలిపోయే ఆకుపచ్చటి మెత్తరాయి. చేను గల పెద్దాయనకు విషయం వివరించాను, 150 కిలోమీటర్ల లోతు సహా.

"అంత లోతు పోయిందంటే, దాంట్ల బోరేస్తే నీళ్లు పడ్తయా సారూ?" అన్నాడు.

పడకపోవచ్చన్నాను. టికెట్ల మీద వచ్చే ఆదాయంలో వాటా ఆశ చూపించాను. ఆయన అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"గుట్టలకు, రాళ్లకు రైతుభరోసా ఉండదన్నరు గదా. మా చేన్ల పర్వతముందని పేపర్ల రాస్తే ఉన్న పైసలు గూడ బందైతయ్. నీకు దండం పెడ్త, అది సచ్చిందనే రాయి."