ఫైరింజన్ టైముకే వచ్చింది

2025 మే 18, ఆదివారం ఉదయం. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంటికి నిప్పంటుకుంది. అగ్నిమాపక శాఖ లెక్క ప్రకారం ఫోన్ వచ్చింది 6.16కి, మొగల్‌పురా బండి చేరింది 6.20కి. పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో చేరాలన్నది జాతీయ ప్రమాణం. అంటే వేగంలో నూటికి నూరు మార్కులు. చనిపోయింది 17 మంది, అందులో 8 మంది పిల్లలు.

ఆలస్యమైందని స్థానికులు అన్నారు. సరే, శాఖ మాటే నిజమనుకుందాం. అసలు ఇబ్బంది అప్పుడే బయటపడుతుంది. ఆ ఇంట్లోకి దారి సొరంగం లాంటి 2 మీటర్ల సందు, మెట్ల వెడల్పు ఒక మీటరు. ఆ మెట్ల ముందుకు ఎంత తొందరగా వచ్చి నిలబడితే ఏం లాభం?

అగ్నిమాపక శాఖ పనితీరు అనగానే మనవాళ్లు బండ్లు, స్టేషన్లు, ఖాళీ పోస్టులు లెక్కపెడతారు. ఏటా ఇన్ని కోట్ల ‘ఆస్తిని కాపాడాం’ అని ఒక అంకె కూడా వస్తుంది. దాని మీద నాకెప్పుడూ అనుమానమే. కాలిపోయిన సరుకుకైతే బీమా సర్వేయర్ వస్తాడు. కాలని దుకాణానికి వెల కట్టిందెవరు?

శాఖ పనితీరును తనిఖీ చేసే ఆడిటర్ అడగాల్సింది వేరే. బోయిగూడలో స్క్రాప్ గోడౌన్ పైన కూలీలు పడుకుంటున్నారని మంటలకు ముందు ఎవరికి తెలుసు? 2022లో అక్కడ 11 మంది పోయారు. అదే ఏడాది సికింద్రాబాద్‌లో కింద ఈ-బైకుల షోరూమ్, పైన లాడ్జి: 8 మంది. మరుసటి ఏడాది సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ వాణిజ్య సముదాయంలో 6 మంది. అదే ఏడాది నవంబర్లో నాంపల్లి బజార్‌ఘాట్, అపార్ట్‌మెంట్ కింద కెమికల్ డ్రమ్ములు. చాలాసార్లు ‘షార్ట్ సర్క్యూట్’ అన్న మాట దగ్గరే మన విచారణ ఆగిపోతుంది. ఒక్కో భవనం ఫైలు తీసి, నోటీసు ఎప్పుడిచ్చారు, రెండోసారి ఎవరు వెళ్లారు, ఎవరి సంతకంతో మూసేశారు అని వెనక్కి నడవాలి. ఒక నోటీసు వెంటపడటానికి అయ్యే ఖర్చెంత, పై అంతస్తులకు చేరే నిచ్చెన బండి, ఒక స్కైలిఫ్ట్ ఖరీదెంత? ఇంగ్లండ్‌లో 2018 నుంచి తనిఖీ సంస్థ ప్రతి ఫైర్ సర్వీసుకూ గ్రేడ్ ఇచ్చి బహిరంగంగా పెడుతోంది. మంటలు రాకుండా ఏం చేశారన్నది కూడా ఆ గ్రేడ్‌లో భాగమే.

చిన్న భవనాలు మా పరిధిలోకి రావని శాఖ అంటుంది. నిజమే. వ్యాపార భవనమైతే 15 మీటర్లు, నివాసమైతే 18 మీటర్ల ఎత్తు ఉంటేనే వాళ్ల ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, మిగతాది మున్సిపాలిటీ పని. మరి ఆ ఎత్తుకు లోపు భవనాల్లోనూ చావులు జరిగాయి కదా! అందుకే ఆడిట్ ఫైర్ స్టేషన్ గేటు దాటి భవనాలకు అనుమతులిచ్చే మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ గదిలోకి వెళ్లాలి.

అక్కడ దొరికేది మన ప్రభుత్వాల అసలు అలవాటు. అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకాలు: 2007లో బీపీఎస్, 2015లో బీఆర్ఎస్ (పార్టీ కాదు, పథకం). రెండోది హైకోర్టులో చిక్కుకుంది కానీ రెండింటి ఆలోచనా ఒకటే: డబ్బు కట్టు, అక్రమం సక్రమం. సెట్‌బ్యాక్ అంటే భవనం చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలం, ఫైరింజన్ తిరిగే జాగా. దాన్ని మింగినవాడి దగ్గర రుసుం తీసుకోవడమంటే, ఆ జాగాను ప్రభుత్వమే అమ్ముకోవడం. వసూలైన పెనాల్టీ ఒక పద్దులో, చనిపోయినవాళ్లకిచ్చిన ఎక్స్‌గ్రేషియా ఇంకో పద్దులో పడుంటాయి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాటిని పక్కపక్కన పెట్టి, ఏయే భవనాల పేర్లు రెండింటిలోనూ ఉన్నాయో అసెంబ్లీకి చెప్పాలి.