ఉద్యోగం పోయాక ముందు చెదిరేది రోజు

ఉద్యోగం పోయిందని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లంతా చెప్పేది ఒకటే: రెజ్యూమె సరిచేసుకో, ఇంకోటి వెతుక్కో. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ వెతకడానికి ఓపిక ఉండాలి, రోజుకో వేళాపాళా ఉండాలి. ముందు పోయేవి అవే.

ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే ఊరు ఉంది. 1930 నాటికి అక్కడి బట్టల మిల్లు మూతపడి, దాదాపు ఊరంతా పని లేకుండా అయింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే సామాజిక పరిశోధకులు ఆ ఊరిని పరిశీలించి 1933లో వివరాలు ప్రచురించారు. అందులో నన్ను వదలనిది గ్రంథాలయం లెక్క. ఊళ్లోవాళ్లకు పొద్దంతా ఖాళీయే, పుస్తకాలకు రుసుం కూడా తీసేశారు. అయినా 1929 నుంచి 1931కి వచ్చేసరికి జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ల నడక మందగించింది. చాలామంది వెంట గడియారం ఉంచుకోవడమే మానేశారు. ఇంటిపని ఉన్న ఆడవాళ్ల రోజు మాత్రం వేళ ప్రకారమే సాగింది.

అందుకే, పని పోయి ఇంట్లో స్తబ్దుగా కూర్చున్న మనిషిని బద్ధకస్తుడనడం అన్యాయం. ఉద్యోగ వేటకు రోజులో రెండు మూడు గంటలు కేటాయించి, ఆ తర్వాత ఆపేయడం మేలని నా అభిప్రాయం. పొద్దస్తమానం దరఖాస్తులు పెడుతూ, జవాబు రాని మెయిల్ కోసం ఎదురుచూస్తూ ఉంటే మనసు ఇంకా కుంగుతుంది.

డబ్బు సంగతి మొదటి వారంలోనే తేల్చుకోవాలి. రావాల్సిన బకాయిలేమిటి, ఉన్నది ఎన్ని నెలలకు సరిపోతుంది, ఆరోగ్య బీమా ఎప్పటిదాకా ఉంది? కంపెనీ ఇచ్చిన కాగితాలను చదవకుండా సంతకం పెట్టొద్దు.

అన్నిటికంటే కష్టమైనది నలుగురికీ చెప్పడం. 'తీసేశారు' అనడానికి నోరు రాక 'మానేశాను' అంటాం. కొందరైతే ఇంట్లో కూడా చెప్పలేక, రోజూ ఆఫీసు వేళకే బయల్దేరి వెళ్తుంటారు. ఈ దాపరికం వల్ల జరిగే నష్టం పెద్దది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక సంగతి చూపించాడు. ఆయన మాట్లాడినవాళ్లలో పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను తీసుకుంటే, ఆ కబురు తరచూ కలిసే మనిషి నుంచి అందుకున్నవాళ్లు 17 శాతంలోపే. మిగతావాళ్లకు చెప్పింది ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లు, పాత సహోద్యోగులు. మన ఉద్యోగం పోయిందని వాళ్లకు తెలియకపోతే, తెలిసిన ఖాళీ గురించి మనకెందుకు చెబుతారు?

స్నేహితులకూ ఒక మాట. ఫోన్ చేసిన ప్రతిసారీ 'ఏమైనా దొరికిందా?' అని అడగకండి. దొరికితే వాళ్లే చెబుతారు. 'రేపు పదింటికి కలుద్దామా?' అనండి. పదింటికి కలవాలంటే తొమ్మిదింటికి తయారవ్వాలి కదా.