రోటరీ ఇంజన్ విమానంలో చల్లబడదన్న మాట నిజం కాదు

సొంతంగా విమానం కట్టుకునేవారి మధ్య చాలాకాలంగా ఒక వాదన చలామణీలో ఉంది. మాజ్దా కార్లలో వచ్చిన 13బి రోటరీ ఇంజన్‌ను (పిస్టన్లు పైకీ కిందికీ కదలడానికి బదులు లోపల రోటర్లు గుండ్రంగా తిరిగే ఇంజన్) ఆర్‌వి-6, ఆర్‌వి-8, కోజీ వంటి చిన్న విమానాలకు అమర్చుకుందామని ఎవరైనా అనుకుంటే చాలు, దాన్నే మళ్లీ వినిపిస్తారు. ఆ వాదన ఇలా సాగుతుంది: రోటరీ ఇంజన్ పిస్టన్ ఇంజన్ కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది కాబట్టి విమానంలో పట్టే ఏ రేడియేటరూ దానికి చాలదు, గాలితో చల్లబడే లైకమింగ్ ఇంజన్‌కు లేని గాలి నిరోధం రేడియేటర్ వల్ల అదనంగా వచ్చిపడుతుంది, నీరు మరీ వేగంగా పారితే చల్లబడే వ్యవధి దొరకదు కాబట్టి థర్మోస్టాట్ (నీరు వేడెక్కాకే రేడియేటర్ వైపు దారి తెరిచే కవాటం) తీసేసి, దాని చోట చిన్న రంధ్రమున్న బిళ్ల పెట్టాలి, ఎత్తుకు వెళ్లేకొద్దీ నీరు త్వరగా మరిగిపోతుంది, కూలంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారిపోయిందంటే నిమిషంలో ఇంజన్ బిగుసుకుపోతుంది. ఇంతమంది ఇబ్బంది పడ్డారంటే లోపం ఇంజన్‌లోనే ఉందన్నది చివరి తీర్పు.

ఇబ్బంది పడినవారు చాలామందే ఉన్నారన్నది వాస్తవం. మొదటిసారి పైకి లేచి, వెయ్యి అడుగులు ఎక్కేలోపే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటడం చూసి వెంటనే దిగివచ్చినవారి అనుభవాన్ని తేలిగ్గా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ విమానాల కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) విప్పి చూసినప్పుడు కనిపించే దోషాలు దాదాపు ఎప్పుడూ గాలి దారిలోనో గొట్టాల అమరికలోనో ఉంటాయి. ద్రవంతో చల్లబడే ఇంజన్ విమానానికి కొత్త కాదు. బ్రిటిష్ యుద్ధ విమానాల మెర్లిన్ ఇంజన్ రెండో ప్రపంచ యుద్ధమంతా అలాగే ఎగిరింది. నేడు తేలికపాటి విమానాల్లో విరివిగా కనిపించే రోటాక్స్ 912 సిలిండర్ హెడ్లు చల్లబడేది కూలంట్‌తోనే. ద్రవంతో చల్లబడే రోటరీ కావాలన్నా, జర్మనీకి చెందిన ష్లైకర్ సంస్థ తన ఏఎస్‌హెచ్ 26 ఇ గ్లైడర్‌లో దాన్నే అమర్చింది.

ఇక వేడి సంగతి. రోటరీ ఇంజన్ అదే శక్తికి కాస్త ఎక్కువ ఇంధనం తాగుతుందన్నది నిజం. అయితే ఆ అదనపు వేడిలో అధిక భాగం రేడియేటర్ దాకా రాకుండా ఎగ్జాస్ట్ గుండా బయటికి పోతుంది. రోటరీ ఎగ్జాస్ట్ అంత వేడిగా ఉండటానికి కారణమే అది. ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. 160 హార్స్‌పవర్ ఇస్తున్నప్పుడు 13బి గంటకు సుమారు 36 కిలోల పెట్రోలు కాలుస్తుందనుకుంటే, లోపలికి వెళ్లే శక్తి సుమారు 440 కిలోవాట్లు. అందులో 120 షాఫ్టుకు చేరుతుంది, 200 దాకా ఎగ్జాస్ట్‌లో పోతుంది, మిగిలిన 120 కిలోవాట్లు మనం గాలిలోకి వదిలించుకోవలసిన వేడి. దీనిలో మూడింట రెండు వంతులు కూలంట్ ద్వారా, ఒక వంతు ఇంజన్ ఆయిల్ ద్వారా వస్తుంది, ఎందుకంటే రోటర్లను లోపలి నుంచి చల్లబరిచేది ఆయిలే. నీటి రేడియేటర్ గురించి నెలల తరబడి ఆలోచించి, ఆయిల్ కూలర్‌ను మాత్రం మిగిలిన మూలలో ఇరికించేవారు ఈ మూడో వంతును మరచిపోతున్నారు. చాలా సందర్భాల్లో ముందుగా హద్దు దాటేది ఆయిల్ ఉష్ణోగ్రతే.

ఈ 120 కిలోవాట్లను మోసుకుపోవాలంటే, గాలి 40 డిగ్రీల వద్ద లోపలికి వచ్చి 80 డిగ్రీల వద్ద బయటికి పోతుందనుకున్నా, సెకనుకు 3 కిలోల గాలి కావాలి. మన రోహిణి కార్తెను తలపించే అరిజోనా వేసవి మధ్యాహ్నం అది సెకనుకు సుమారు 2.7 ఘనపు మీటర్లు. విమానం 100 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 51 మీటర్ల చొప్పున ఎక్కుతున్నప్పుడు, ఈ గాలి పట్టడానికి 500 చదరపు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ ఉన్న ద్వారం చాలు. ఇది రెండు అరచేతులు పక్కపక్కన చాచి పెట్టినంత కంటే పెద్దదే కానీ అసాధ్యమైనది కాదు. గాలి దొరకకపోవడం అసలు సమస్యే కాదు; దొరికిన గాలి రేడియేటర్ రెక్కల (దానిలోని పలుచని రేకుల) మధ్య నుంచి పోకుండా పక్క సందుల్లోంచి తప్పించుకోవడమే సమస్య.

ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. లైకమింగ్ కోసం చేసిన కౌలింగ్‌ను అలాగే ఉంచి, స్పిన్నర్‌కు (ప్రొపెల్లర్ మధ్యనుండే టోపీకి) అటూ ఇటూ ఉన్న ద్వారాల వెనుక రేడియేటర్‌ను వేలాడదీయడం చాలామంది చేసే పని. లోపలికి దూసుకొచ్చిన గాలి ఒక్కసారిగా విశాలమైన ఖాళీలో పడి సుడులు తిరిగి, తనలో ఉన్న ఒత్తిడిని అక్కడే పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత కోర్ (రేడియేటర్‌లో గొట్టాలూ రెక్కలూ ఉన్న భాగం) చుట్టూ వేలు దూరే సందు ఉన్నా దాన్లోంచే జారిపోతుంది, ఎందుకంటే దట్టమైన రెక్కల కంటే ఆ సందు సులువైన దారి. దీనికి మందు డక్ట్, అంటే గాలిని నడిపించే మూసిన దారి. ద్వారం నుంచి కోర్ దాకా గోడలు నెమ్మదిగా విచ్చుకుంటూ వెళ్లాలి. ఒక్కో గోడ ఏడెనిమిది డిగ్రీలకు మించి తెరుచుకుంటే గాలి గోడను విడిచిపెడుతుంది. గాలి వేగం మూడో వంతుకు తగ్గితే, ఆదర్శ స్థితిలో దాని గతిజ పీడనంలో తొమ్మిదింట ఎనిమిది వంతులు స్థిర పీడనంగా మారి, రెక్కల మధ్య నుంచి గాలిని నెట్టడానికి పనికివస్తుంది. కోర్ అంచుల చుట్టూ సిలికాన్ పట్టీ వేసి, మూలలన్నీ మూయాలి. వెనుక వైపు కూడా అంతే ముఖ్యం. కౌలింగ్ అడుగున ఎగ్జాస్ట్ పైపులు నిండా పరుచుకుని గాలి పోయే దారి మూసుకుపోతే, ముందు ద్వారాన్ని ఎంత పెంచినా ఫలితం ఉండదు. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి వెనుక చోటు కావాలి. పైకి ఎక్కేటప్పుడు తెరిచి, సమతలంగా ఎగిరేటప్పుడు మూసే ఫ్లాప్ అక్కడ ఉంటే ఇంకా మంచిది.

పెద్ద రేడియేటర్ కొనే ముందు ప్రతి ఒక్కరూ చేయవలసిన పరీక్ష ఒకటుంది. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, రంగునీళ్లు పోసి, ఒక కొసను కోర్ ముందు, మరొక కొసను కోర్ వెనుక ఉంచి ఎగరాలి. సముద్రమట్టం వద్ద 100 నాట్ల వేగంలో దొరికే మొత్తం పీడనం దాదాపు 16 సెంటీమీటర్ల నీటి ఎత్తుతో సమానం. రెండు కొసల మధ్య తేడా అందులో రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే కనిపిస్తే, కోర్ గుండా గాలి సరిగా పోవడం లేదన్నమాట. అప్పుడు రేడియేటర్ ఎంత పెద్దదైనా వ్యర్థమే. అదే విమానం 8,000 అడుగుల ఎత్తులో 170 నాట్ల వేగంతో ఎగురుతున్నప్పుడు ఈ పీడనం సుమారు 37 సెంటీమీటర్లకు చేరుతుంది, ఇంజన్ మీద భారం తగ్గుతుంది, బయటి గాలి ఉష్ణోగ్రత నేల మీదకంటే సుమారు 15 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే చల్లబరిచే వ్యవస్థను ఎక్కే దశకు తగినట్టు రూపొందించాలి. క్రూయిజ్‌లో, అంటే సమతలంగా ఎగిరేటప్పుడు, బాగానే ఉండి ఎక్కేటప్పుడు వేడెక్కే విమానం ఇంజన్ లోపాన్ని చాటడం లేదు, డక్ట్ లోపాన్ని చాటుతోంది. కారు రేడియేటర్‌తో పోల్చడం కూడా ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది: రహదారి మీద కారు తన శక్తిలో చిన్న భాగమే వాడుతుంది, విమానం నిమిషాల తరబడి మొత్తం శక్తినీ వాడుతుంది.

గాలి నిరోధం గురించిన మాటలో కొంత సత్యం ఉంది. లైకమింగ్ సిలిండర్ హెడ్ 200 డిగ్రీల దగ్గర ఉంటుంది, కూలంట్ 95 డిగ్రీల దగ్గర. బయటి గాలితో తేడా మనకు తక్కువ. కానీ లైకమింగ్‌కు నిరోధం లేదనడం సరికాదు. దాని సిలిండర్ల మధ్య అల్యూమినియం బాఫిళ్ల (గాలిని దారి మళ్లించే రేకుల) గుండా నెట్టే గాలికీ మూల్యం చెల్లించాలి, ఆ బాఫిళ్ల సందుల్లోంచి కారిపోయే గాలికీ చెల్లించాలి. ద్రవంతో చల్లబరచడంలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, వేడిని మనకు నచ్చిన చోటికి గొట్టంలో తీసుకుపోయి, అక్కడ గాలిని క్రమశిక్షణతో నడిపించవచ్చు. 1935లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఎఫ్. డబ్ల్యు. మెరెడిత్ చూపించింది ఇదే: డక్ట్‌లో నెమ్మదించి, రేడియేటర్‌లో వేడెక్కి, సన్నని ద్వారం గుండా వెనక్కి వేగంగా పోయే గాలి, తాను కలిగించిన నిరోధంలో చాలా భాగాన్ని తిరిగి ఇవ్వగలదు. పి-51 మస్టాంగ్ కడుపు కింది డక్ట్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఈ సూత్రం పేరుతో మన పక్షం వారు కొందరు చేసే అతిశయోక్తిని కూడా ఇక్కడే ఖండించాలి. 170 నాట్ల విమానానికి రేడియేటర్ నుంచి అదనపు తోపు రాదు. నిరోధం తగ్గితే అదే గొప్ప.

నీరు నెమ్మదిగా పారితేనే బాగా చల్లబడుతుందన్న మాట పూర్తిగా తప్పు. నెమ్మదిగా పారిన నీరు రేడియేటర్ నుంచి ఎక్కువ చల్లగా బయటికి వస్తుందన్నది నిజమే, కానీ ఇంజన్ నుంచి అది ఎక్కువ వేడిగా వస్తుంది, సెకనుకు మోసుకొచ్చే మొత్తం వేడి మాత్రం తగ్గుతుంది. 80 కిలోవాట్లను 10 డిగ్రీల తేడాతో మోయాలంటే నిమిషానికి సుమారు 130 లీటర్ల కూలంట్ పారాలి. అమెరికాలో చాలామంది రేడియేటర్లుగా వాడే జనరల్ మోటార్స్ కార్ల ఏసీ ఎవాపరేటర్ కోర్లు రెండింటిని ఒకదాని వెనుక ఒకటి కలిపితే ప్రవాహానికి అడ్డు బాగా పెరుగుతుంది. సమాంతరంగా కలపడం మేలు. థర్మోస్టాట్ తీసేయమనే సలహా మరింత ప్రమాదకరం. 13బి థర్మోస్టాట్ కింది భాగంలో మరొక బిళ్ల ఉంటుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు థర్మోస్టాట్ తెరుచుకుంటూ, ఆ బిళ్లతో బైపాస్ రంధ్రాన్ని మూసేస్తుంది. థర్మోస్టాట్‌ను తీసేసి ఆ రంధ్రాన్ని తెరిచి వదిలితే, వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి పంపుకు చేరుతుంది. ఆ తర్వాత ఇంజన్ వేడెక్కితే నింద రోటరీ మీద పడుతుంది. తీయదలచుకుంటే ముందు బైపాస్‌కు గట్టి బిరడా వేయాలి.

ఎత్తులో మరగడం గురించి రెండు మాటలు చాలు. 10,000 అడుగుల వద్ద మూతలేని పాత్రలో నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది, కానీ మన వ్యవస్థకు మూత ఉంది. 0.9 బార్ ప్రెషర్ క్యాప్‌తో అదే ఎత్తులో మరిగే ఉష్ణోగ్రత 113 డిగ్రీలు. సగం గ్లైకాల్ కలిపితే మరో ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది. గ్లైకాల్ వల్ల ద్రవం వేడిని మోసే సామర్థ్యం సుమారు 15 శాతం తగ్గుతుందన్నది మాత్రం లెక్కలో ఉంచుకోవాలి. అంతకంటే ముఖ్యం క్యాప్ ఉండే చోటు. విమానంలో ఇంజన్ గంటల తరబడి 5,500 ఆర్‌పిఎం దాకా తిరుగుతుంది కాబట్టి పంపు బయటి వైపు పీడనం ఎక్కువగా ఉంటుంది. క్యాప్ అటువైపు ఉంటే, ద్రవం మరగకపోయినా మూత లేచి కూలంట్ బయటికి పోతుంది. క్యాప్ ఉన్న ట్యాంకు మొత్తం వ్యవస్థలో ఎత్తైన చోట, పంపు పీల్చుకునే వైపు కలిసి ఉండాలి. ఇంజన్‌లోనూ కోర్లలోనూ గాలి చిక్కుకునే ప్రతి ఎత్తైన బిందువు నుంచి సన్నని గొట్టం దానిలోకి రావాలి.

చివరిది, కూలంట్ పోతే ఇంజన్ బిగుసుకుపోతుందన్న భయం. పిస్టన్ ఇంజన్లో అల్యూమినియం పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టుకుంటుంది. రోటరీలో తిరిగే రోటర్ ఇనుపది, దాని చుట్టూ ఉన్న హౌసింగ్ అల్యూమినియంది. వేడెక్కితే హౌసింగే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సందు పెరుగుతుంది, శక్తి క్రమంగా తగ్గుతుంది. పైలట్‌కు దిగే చోటు వెతుక్కునే అవకాశం ఇక్కడే ఎక్కువ. హౌసింగుల మధ్య ఉండే రబ్బరు సీళ్లు పాడై ఇంజన్‌ను విప్పి తిరిగి కట్టవలసి వస్తుందన్నది వేరే సంగతి. అసలు ప్రమాదం ముల్లు అబద్ధం చెప్పడంలో ఉంది: కూలంట్ కారిపోయాక సెన్సర్ ద్రవంలో మునిగి ఉండదు కాబట్టి, ఆవిరిలో వేలాడుతూ ఉష్ణోగ్రత తగ్గినట్టు చూపించవచ్చు. అందుకే ప్రతి రోటరీ విమానంలో ఉష్ణోగ్రత ముల్లు పక్కనే కూలంట్ పీడనం చూపే గేజ్ కూడా ఉండాలి. వేడెక్కిన వ్యవస్థలో పీడనం పడిపోవడం మొదలైతే, ఉష్ణోగ్రత ఏం చూపుతున్నా సరే, పవర్ తగ్గించి దగ్గరి రన్‌వే వైపు తిరగాలి.